అంబాసిడర్ టాపెట్ కవర్ నూనె కారడం: నాలుగు మరమ్మతుల తర్వాత నా మాట

సింహాచలం ఘాట్ రోడ్డు సగం ఎక్కేసరికి కారులోకి మాడిన నూనె వాసన వచ్చేది. వెనక సీట్లోంచి అమ్మ "ఎవరింట్లోనో పోపు మాడింది" అనేది. ఘాట్ రోడ్డు మలుపులో ఇళ్ళెక్కడివి? మాడుతున్నది మా అంబాసిడరే.

1986 నాటి మార్క్ 4, నాన్న కొన్న బండి. 1489 సీసీ పెట్రోలు ఇంజన్, బ్రిటన్‌లోని బీఎంసీ కార్ల కంపెనీ వాళ్ళ బి-సిరీస్ రకం. దాని నెత్తిన రేకు మూత ఒకటి రెండే రెండు నట్లతో బిగించి ఉంటుంది. పుస్తకాల్లో దాన్ని రాకర్ కవర్ అంటారు, వాల్వ్ కవర్ అంటారు. మన షెడ్లలో మాత్రం టాపెట్ కవరే, అతుకులోంచి నూనె కారకుండా దాని కింద వేసే పట్టీ ప్యాకింగే. ఎడమవైపు నూనె కారితే సరిగ్గా ఎగ్జాస్ట్ మానిఫోల్డ్ మీద, అంటే ఇంజన్ పొగను బయటికి పంపే ఇనుప గొట్టాల మీద, పడుతుంది. చదును రోడ్డు మీద తెలియదు. కొండెక్కి మానిఫోల్డ్ బాగా కాలినప్పుడు పొగ లేస్తుంది.

కథ మొదలైంది 2014లో. ఆ ఏడాదే అంబాసిడర్ తయారీ ఆగిపోయింది. అక్టోబరు 12న హుద్‌హుద్ తుఫాను వచ్చి విశాఖలో మా లాసన్స్ బే కాలనీ ఇంటి షెడ్డు రేకులు ఎగరేసుకుపోయింది. బండి ఎనిమిది నెలలు టార్పాలిన్ కింద కదలకుండా ఉండిపోయింది. కార్కు ప్యాకింగ్ నూనె తడి అందకపోతే ఎండి కుంచించుకుపోతుంది. పైగా సముద్రపు ఉప్పుగాలికి కవర్ అంచు పొడుగునా తుప్పు పొరలు లేచాయి. బండి తీసిన వారానికే నేల మీద నల్లటి మరకలు.

మొదట వెళ్ళిన మెకానిక్ స్పానర్ తీసి రెండు నట్లూ గట్టిగా బిగించి, "ఇక చుక్క కారదు సార్" అన్నాడు. నాలుగు రోజులు నిజంగానే కారలేదు. ఐదో రోజు నుంచి ముందుకన్నా ఎక్కువ కారింది. ఈ ఇంజన్‌కు పుస్తకంలో రాసిన బిగింపు 4 పౌండ్-అడుగులు మాత్రమే, అంటే చిన్న స్పానర్‌ను రెండు వేళ్ళతో తిప్పినంత. అంతకు మించితే కార్కు నలిగి చిట్లుతుంది, రేకు అంచు వంకర పోతుంది. ఆ సంగతి నాకు తెలిసేసరికి రెండేళ్ళు గడిచాయి.

రెండోసారి ఇంకో షెడ్డులో ప్యాకింగ్ తీసిపారేసి, సిలికాన్ పేస్టు మందంగా పూసి కవర్ అతికించారు. పద్నాలుగు నెలలు ఒక్క చుక్క కారలేదని ఒప్పుకోవాలి. తర్వాత టాపెట్ల (వాల్వులను కదిలించే భాగాల) చప్పుడు పెరిగి క్లియరెన్స్, అంటే వాటి మధ్య ఉండాల్సిన సందు, చూడాల్సి వచ్చింది. కవర్ ఊడి రాదే! స్క్రూడ్రైవర్ దూర్చి ఎత్తితే అంచు ఇంకో రెండుచోట్ల వంగింది. లోపలి వైపుకు పొంగిన పేస్టు ముక్కలు ముక్కలుగా తెగి రాకర్ల మధ్య పడి ఉంది. ఆ ముక్కలు కిందికి జారి నూనె పంపు జాలీకి అడ్డం పడితే ఇంజన్‌కు నూనె అందదు. అప్పుడు మరకల గొడవ పోయి ఇంజన్ విప్పే గొడవ వస్తుంది. ఇంజన్ అడుగున నూనె నిలిచే చాంబర్ కిందికి దింపి కడిగించాను. ఈ రకం కవర్‌కు ఉత్త పేస్టు మాత్రం వద్దు.

మూడోది రబ్బరు కలిపిన కార్కు. షీటు కొని, పాత ప్యాకింగ్‌ను అచ్చుగా పెట్టి నేనే కత్తిరించాను. సరుకు మంచిదే, కానీ ఏడాదికే ఎడమ వెనక మూల చెమర్చడం మొదలైంది. అప్పుడు బుద్ధి వచ్చి, ప్యాకింగ్‌ను తిట్టడం మాని నూనె ఎక్కడ పుడుతోందో చూద్దామనుకున్నాను. ఇంజన్ పెట్రోలుతో కడిగి, పూర్తిగా ఆరాక ముఖానికి రాసుకునే పౌడరు చల్లి, హనుమంతవాక దాకా వెళ్ళి వచ్చాను. "కారుకు పెళ్ళిచూపులా?" అని మా ఆవిడ నవ్వింది. తెల్లటి పొడి మీద నూనె దారి గీత గీసినట్టు కనిపించింది. సగం నూనె ప్యాకింగ్ నుంచి రావడమే లేదు! నట్ల కింద ఉండే రబ్బరు బుష్షులు రాయిలా గట్టిపడి, వాటి పక్కనుంచి ఊరి, కవర్ మీదుగా జారి అంచు దగ్గర చేరుతోంది. నొప్పి ఒకచోట, మందు ఒకచోట అయిందన్నమాట.

ఇంకో దొంగ బ్రీదర్ పైపు. కవర్ నుంచి ఎయిర్ క్లీనర్‌కు వెళ్ళే ఆ రబ్బరు గొట్టం లోపల తారులాంటి జిడ్డు పట్టి, చిటికెన వేలు కూడా దూరనంతగా మూసుకుపోయింది. పిస్టన్ల పక్కనుంచి కిందికి దిగే గ్యాసు బయటికి పోవడానికి ఉన్న దారి అది. దారి మూస్తే ఆ ఒత్తిడి నూనెను ఎక్కడ సందు దొరికితే అక్కడినుంచి తోస్తుంది. ఎంత ఖరీదైన ప్యాకింగ్ వేసినా దాన్ని ఆపలేదు. గొట్టం మార్చిన రోజే కారడం కంటికి తెలిసేంతగా తగ్గింది.

2019లో చేసిన నాలుగో మరమ్మతే ఇప్పటికీ నిలబడింది. డైనింగ్ టేబుల్ మీది అద్దం పైన కవర్‌ను అంచు కిందికి వచ్చేలా పెట్టి, అవతల టార్చిలైటు వేశాను. అంచుకూ అద్దానికీ మధ్య మూడుచోట్ల వెలుతురు కనిపించింది, ఒకచోట పోస్టుకార్డు దూరేంత సందు. అంచు కింద చెక్క దిమ్మ పెట్టి, చిన్న సుత్తితో తట్టడం, మళ్ళీ అద్దం మీద పెట్టి చూడడం. ఆదివారం పొద్దున మొదలుపెడితే భోజనాల వేళకు వెలుతురు ఆగింది. తుప్పు గీకి, రంగు వేసి ఆరబెట్టాను. మామూలు కార్కు ప్యాకింగే తెచ్చాను, నాకు పడింది 120 రూపాయలు. దుకాణంలో చాలాకాలం పడి ఉన్నదేమో, కురచగా ఉంది. పావుగంట గోరువెచ్చని నీళ్ళలో వేస్తే సాగి సరిపోయింది. తడి ఆరాక కవర్ వైపు మాత్రం జిగురు పూసి అతికించి, రాత్రంతా బరువు పెట్టి ఉంచాను. ఇంజన్ వైపు జిగురు వేయకుండా పలచగా గ్రీజు రాశాను. అందువల్ల టాపెట్లు చూడాల్సినప్పుడు కవర్ ప్యాకింగ్‌తో సహా లేచి వస్తుంది, పని అయ్యాక అదే మళ్ళీ కూర్చుంటుంది. ఇప్పటికి మూడుసార్లు అలా తీసి పెట్టాను. కొత్త బుష్షులు వేసి, రెండు వేళ్ళతో బిగించి వదిలేశాను.

అంతకుముందు వెయ్యి కిలోమీటర్లకు అర లీటరు నూనె పోసేవాణ్ణి. ఇప్పుడు ఒక నూనె మార్పుకూ మరో మార్పుకూ మధ్య డబ్బా ముట్టుకోవడం అరుదు. పోయిన శీతాకాలం అనంతగిరి ఘాట్ మీదుగా అరకు వెళ్ళి వచ్చినా వాసన రాలేదు.

అంటే ఇంజన్ కింద పొడిగా ఉందని కాదు. బండి కింద పరిచిన అట్టముక్క మీద రోజూ పెసరగింజంత చుక్క ఒకటి కనిపిస్తుంది. పౌడరు పరీక్ష మళ్ళీ చేశాను. అది ఇంజన్ ఎడమ పక్కన, మానిఫోల్డ్ వెనక దాక్కున్న సైడ్ ప్లేట్లనే రేకు మూతల నుంచి వస్తోంది. వాటి ప్యాకింగ్ మార్చాలంటే మానిఫోల్డ్ మొత్తం విప్పాలి. నలభై ఏళ్ళ తుప్పు పట్టిన స్టడ్లు (దాన్ని పట్టి ఉంచే బోల్టులు) విరగకుండా ఊడి వస్తాయన్న నమ్మకం నాకు లేదు. అందుకని ప్రస్తుతానికి నెలకోసారి అట్టముక్క మారుస్తున్నాను.