బండి అమ్మది, బీమా అమ్మది, నడిపేది నేను: ఆరేళ్ల అనుభవం

2019 మార్చిలో 125 సీసీ బండి కొన్నాం. నేను అప్పట్లో చెన్నైలో అద్దె గదిలో ఉండేవాణ్ణి. నాన్న ఆధార్‌లో పుట్టిన సంవత్సరం తప్పు. కోవూరు చిరునామాతో కాగితాలన్నీ సరిగ్గా ఉన్నది అమ్మ ఒక్కరికే. అలా బండి అమ్మ పేరున రిజిస్టరైంది. నెల్లూరు వాళ్లకు అలవాటైన 26 పోయి అప్పుడే కొత్తగా వచ్చిన ఏపీ 39 నంబరు పడిందని నాన్న నాలుగు రోజులు సణిగాడు. అమ్మకు బండి సంగతి అటుంచి, సైకిలు తొక్కడం కూడా రాదు. ఎప్పుడూ వెనక సీటు మీద ఒకవైపుగా కూర్చోవడమే.

ఇంట్లో వాళ్ల పేరున ఉన్న బండికి బీమా చెల్లుతుందా అని చాలామంది అడుగుతుంటారు. చెల్లుతుంది. అమ్మ అనుమతితో, చెల్లుబాటయ్యే లైసెన్సు ఉన్న ఎవరు నడిపినా ఎదుటివారికి జరిగిన నష్టానికి థర్డ్ పార్టీ బీమా, బండికి జరిగిన నష్టానికి ఓన్ డ్యామేజ్ బీమా పని చేస్తాయి. అంతవరకు చిక్కేమీ లేదు. చిక్కంతా మూడో పద్దు దగ్గర ఉంది, అది నాకు కొన్న రెండేళ్లకు గానీ అర్థం కాలేదు.

షోరూంలో ఇచ్చిన బిల్లులో యజమాని ప్రమాద బీమా అని 15 లక్షల కవరేజీకి ప్రీమియం వేశారు. తప్పనిసరి అన్నారు, కట్టాం. ఆ 15 లక్షలు ఆర్‌సీలో పేరున్న మనిషికి మాత్రమే, అదీ ఆ మనిషికి డ్రైవింగ్ లైసెన్సు ఉంటేనే. అమ్మకు లైసెన్సు లేదు కాబట్టి అమ్మకు వర్తించదు. నేను యజమానిని కాను కాబట్టి నాకూ వర్తించదు. యజమానికి లైసెన్సు లేకపోతే ఆ ప్రీమియం అసలు వసూలు చేయకూడదని నిబంధన కూడా ఉంది. అమ్మకు లైసెన్సు ఉందా అని ఆ రోజు కౌంటర్లో ఎవరూ అడగలేదు, మాకూ చెప్పాలని తట్టలేదు. ఇంట్లో ఎవరికీ పనికిరాని బీమాకు డబ్బు కట్టి, మిఠాయి పంచి ఇంటికొచ్చాం.

ఇంకో సంగతి ఉంది. నడిపేవాడికి ఏదైనా జరిగితే థర్డ్ పార్టీ బీమా ఆదుకుంటుందని నేను అనుకునేవాణ్ణి. అదీ కాదు. అడిగి తీసుకున్న బండి మీద వెళ్తూ ఎద్దుల బండిని ఢీకొని చనిపోయిన మనిషి కేసులో 2009లో సుప్రీంకోర్టు చెప్పింది ఇదే: బండి తీసుకున్నవాడు యజమాని స్థానంలోకి వస్తాడు, కాబట్టి అతణ్ణి మూడో వ్యక్తిగా లెక్కించరు. అంటే నా తప్పుతో నేను కింద పడితే అమ్మ పాలసీ నుంచి నాకు పైసా రాదు. ఇది తెలిశాక నా పేరున విడిగా వ్యక్తిగత ప్రమాద బీమా తీసుకున్నాను. బ్యాంకులో ఏడాదికి 20 రూపాయలు మినహాయించుకునే సురక్షా బీమా ఇంట్లో అందరికీ పెట్టించాను. అది 2 లక్షలే, కానీ అందులో బండి ఎవరిది అన్న ప్రశ్న లేదు.

ఇక క్లెయిము. 2021 నవంబరులో పెన్నా పొంగింది. పడుగుపాడు దగ్గర జాతీయ రహదారి కోసుకుపోయింది, రైలు పట్టాల కింద మట్టి కొట్టుకుపోయింది. మా వీధిలోకి రాత్రికి రాత్రే నీళ్లు వచ్చాయి. తెల్లవారేసరికి బండికి అద్దాలు, హ్యాండిలు మాత్రమే కనిపిస్తున్నాయి. మూడో రోజు నీళ్లు తగ్గాక సీటు కింద చేయి పెడితే బురద, చచ్చిన చేపపిల్ల. నా చేయి దానంతట అదే సెల్ఫ్ బటన్ మీదికి పోయింది. ఎదురింటి మెకానిక్ మస్తానన్న అక్కడి నుంచే కేక వేశాడు: "నొక్కవద్దు! సిలిండర్లో నీళ్లుంటే రాడ్డు వంగిపోతుంది. అప్పుడు కంపెనీ వాళ్లు వరద వల్ల పోయిందనరు, నువ్వు పోగొట్టావంటారు." ఆ కేక విలువ నాకు తర్వాత, నష్టం అంచనా వేయడానికి కంపెనీ తరఫున వచ్చిన సర్వేయరు మొదటి ప్రశ్నతోనే తెలిసింది. నీళ్లు తగ్గాక స్టార్టు చేశారా అని అడిగాడు. ఆ తర్వాతే బండి ఎవరు నడుపుతారని అడిగాడు. నేనే అని చెప్పడానికి కాస్త జంకాను. ఆయన తల కూడా ఎత్తకుండా రాసుకున్నాడు. నిలిపి ఉన్న బండి మునిగితే నడిపేది ఎవరన్నది పెద్ద విషయం కాదట.

మొత్తం బిల్లు 10,800. చేతికి వచ్చింది 7,320. ఇనుప విడిభాగాలు 3,200 అయితే, బండికి రెండేళ్లు దాటాయి కాబట్టి 15 శాతం తరుగు తీశారు. ప్లాస్టిక్కు, రబ్బరు, బ్యాటరీ కలిపి 4,600, వాటిలో సగమే ఇచ్చారు. కూలి 2,400 పూర్తిగా ఇచ్చారు. ఇంజిను ఆయిల్ 600 ఇవ్వలేదు. తప్పనిసరి కోత 100. ఈ లెక్క మీద నాకు ఫిర్యాదు లేదు, పాలసీలో రాసినట్టే ఇచ్చారు.

నన్ను తిప్పలు పెట్టింది డబ్బు వచ్చే దారి. ఆ వరదలో, కంపెనీయే నేరుగా బిల్లు కట్టే క్యాష్‌లెస్ వర్క్‌షాపు ఏదీ ఖాళీగా లేదు, నేనే కట్టి రసీదు పంపాను. కంపెనీ డబ్బు వేసేది పాలసీదారు ఖాతాలోనే, నా ఖాతాలో కాదు. అమ్మ ఖాతా డ్వాక్రా సంఘం రోజుల్లో పుట్టింటి ఇంటిపేరుతో తెరిచింది. ఆర్‌సీలో మెట్టినింటి ఇంటిపేరు. ఇద్దరూ ఒకరేనని తేల్చడానికి మూడు వారాలు పట్టింది. ఓటీపీలన్నీ అమ్మ ఫోనుకే. నేను వర్క్‌షాపులో నిలబడి ఫోను చేస్తే అమ్మ అంకెలు ఒక్కొక్కటే చదివేది, ఆఖరి అంకె వచ్చేసరికి గడువు తీరిపోయేది. "బండి నాది, బీమా నాది, సంతకం నాది. తోలేది మాత్రం నువ్వు" అని ఒకసారి విసుక్కుంది కూడా.

క్లెయిము లేని ఏళ్లకు ప్రీమియంలో ఇచ్చే తగ్గింపు, అంటే నో క్లెయిమ్ బోనస్, అప్పటికి 25 శాతానికి చేరింది, ఈ క్లెయిముతో సున్నా అయింది. అది ఓన్ డ్యామేజ్ ప్రీమియం మీదే కాబట్టి మా బండికి పోయింది కొన్ని వందలే. అయినా అద్దం పగిలిందని, ఇండికేటరు విరిగిందని క్లెయిముకు వెళ్లడం దండగ. ఆ పని మస్తానన్న దగ్గర అరగంటలో అయిపోతుంది.

కావలిలో మా పెదనాన్న కొడుకు కథ ఇంతకన్నా ఘోరం. పెదనాన్న 2020లో పోయారు. అన్న బండి ఆయన పేరునే ఉంచి, ఫోనులో రెండేళ్లు పాలసీ పునరుద్ధరిస్తూ వచ్చాడు. డబ్బు కడితే సైటు కాదనదు కదా. లారీ రాసుకుపోయి బండి నుజ్జయినప్పుడు, చనిపోయిన వ్యక్తితో ఒప్పందం ఎలా చెల్లుతుందని కంపెనీ తిప్పి పంపింది. యజమాని పోతే ఉన్న పాలసీ మూడు నెలల పాటో, గడువు తీరేదాకానో, ఏది ముందైతే అంతవరకే నిలుస్తుంది. ఆ మూడు నెలల్లోనే ఫారం 31 తో రవాణా కార్యాలయంలో వారసుడి పేరుకు మార్చి, పాలసీ కూడా మార్చుకోవాలి. కర్మకాండల హడావిడిలో బండి కాగితాలు ఎవరికి గుర్తుంటాయి, నిజమే. అన్నను నేను తప్పు పట్టలేను.

బండి కొన్నప్పుడే తీసుకున్న అయిదేళ్ల థర్డ్ పార్టీ బీమా గడువు 2024 మార్చిలో తీరింది. అప్పటి నుంచి ఏటా 714 రూపాయలు, పైన 18 శాతం పన్ను, మొత్తం 843. దాంతోపాటు ఓన్ డ్యామేజ్ కూడా తీసుకుంటున్నాను, పెన్నా ఒడ్డున ఉన్నవాణ్ణి కాబట్టి. యజమానికి లైసెన్సు ఉందా అన్న చోట లేదని నొక్కితే ఆ 15 లక్షల పద్దు దానంతట అదే తొలగిపోయింది.

బండి నా పేరుకు మార్చుకోవాలని ఒకసారి ఫారం 29, 30 తెచ్చాను. మార్చాక 14 రోజుల్లో కంపెనీకి తెలియజేయాలి, మళ్లీ కూడిన బోనస్ అమ్మతోనే ఆగిపోతుంది, నాకు రాదు. ఇవన్నీ వివరిస్తుంటే అమ్మ ఒక్కటే అడిగింది: "ఈ ఇంట్లో నా పేరున ఉన్నది ఇదొక్కటే గదరా, ఇదీ తీసుకుంటావా?" ఫారాలు మడిచి లోపల పెట్టేశాను. బ్యాంకు ఖాతాలో ఇంటిపేరు మాత్రం మార్పించాను. పాలసీ ముద్రించి ఇస్తే బీరువాలో పట్టుచీరల కింద దాచింది. ఫిబ్రవరి రాగానే తనే బయటికి తీసి తేదీ చూస్తోంది.