షుగర్ మిషన్లు మూడు, గోదావరి చెమ్మ ఒకటి

అమలాపురంలోనో పాలకొల్లులోనో మందుల షాపుకెళ్ళి షుగర్ మిషను అడిగితే బల్ల మీదికి ఎక్కువగా వచ్చేవి ఆక్యుచెక్ యాక్టివ్, కాంటూర్ ప్లస్, వన్‌టచ్ సెలెక్ట్ ప్లస్ సింపుల్. చవకలో కావాలంటే డాక్టర్ మోరెపెన్ బీజీ-03 తీస్తారు. వచ్చినవాళ్ళు మిషను ధర అడిగి ఊరుకుంటారు. మిషను ఒక్కసారి కొనేది. నెలనెలా డబ్బు లాగేవి రక్తపు చుక్క వేసే స్ట్రిప్పులు, అంకె తేడా వస్తే చాలాసార్లు తేడా పుట్టేదీ స్ట్రిప్పు దగ్గరే. అందుకే ఇక్కడ తెర సైజు, ఫోనుకు కలిపే సౌకర్యం లాంటివి వదిలేశాం. స్ట్రిప్పు ఎలా పనిచేస్తుంది, ఎందుకు చెడుతుంది, కాలవగట్టు ఊళ్ళలో ఏది ఆగుతుంది అన్నవే చూశాం.

ముందు ఆక్యుచెక్ యాక్టివ్. దీని స్ట్రిప్పు వెనక్కి తిప్పితే గుండ్రటి చిన్న కిటికీ ఉంటుంది. రక్తం పడ్డాక అది నీలంగా మారుతుంది. డబ్బా మీద లేత నీలం నుంచి ముదురు నీలం దాకా చుక్కలు అచ్చేసి, పక్కనే అంకెలు వేశారు. మిషను చూపిన అంకెకూ కిటికీలో రంగుకూ పొంతన లేకపోతే ఆ అంకెను పక్కనపెట్టి ఇంకో స్ట్రిప్పు తియ్యాలి. మిగతా రెండు మిషన్లకూ ఈ సౌకర్యం లేదు. కొన్నవాళ్ళు మాత్రం దీన్ని చాలావరకు గమనించరు.

ఆ నీలం చుక్కల వెనక పెద్ద చరిత్రే ఉంది. ఇంట్లో చక్కెర చూసుకోవడం మొదలైందే రంగుతో. మైలుతుత్తం, చాకలి సోడా, సోడియం సిట్రేటు కలిపిన బెనెడిక్ట్ ద్రావణం 5 మి.లీ. గాజుగొట్టంలో పోసి, 8 చుక్కల మూత్రం వేసి మరిగిస్తారు. నీలం మారకపోతే చక్కెర లేదు. ఆకుపచ్చకు తిరిగితే సుమారు అర శాతం, పసుపైతే ఒకటి, నారింజ ఒకటిన్నర, ఇటుక రంగు వస్తే రెండు శాతం, ఆపైన. 1941లో అమెరికాలోని మైల్స్ కంపెనీ ఏమ్స్ విభాగం క్లినిటెస్ట్ మాత్ర తెచ్చింది. అందులోని కాస్టిక్ సోడా తడి తగలగానే సలసల కాగుతుంది కాబట్టి స్పిరిట్ దీపం అవసరం తప్పింది. 1956లో అదే విభాగం నుంచి క్లినిస్టిక్స్ కాగితం వచ్చింది, దాన్ని ముంచి చూస్తే చాలు.

కానీ మూత్ర పరీక్షకు తీరని లోపం ఉంది. రక్తంలో చక్కెర సుమారు 180 (డెసిలీటరుకు మిల్లీగ్రాములు, ఇక్కడి అంకెలన్నీ ఆ లెక్కే) దాటితేనే మూత్రంలోకి దిగుతుంది. కనిపించేది కూడా గంటల కిందటి సంగతి. ఇన్సులిన్ వేసుకున్న మనిషికి చక్కెర 50కి పడిపోయి చెమటలు పడుతున్నా గొట్టంలో రంగు నీలంగానే ఉంటుంది.

రక్తపు చుక్కతో చూసే మొదటి స్ట్రిప్పు, డెక్స్‌ట్రోస్టిక్స్, 1965లో ఏమ్స్ నుంచే వచ్చింది. పెద్ద చుక్క వేసి, సరిగ్గా 60 సెకన్లు ఆగి, సన్నటి నీటిధారతో కడిగి, రంగు పోల్చుకోవాలి. పది సెకన్లు అటూ ఇటూ అయినా, నీళ్ళు ధాటిగా పోసినా రంగు మారిపోయేది. ఆ రంగును కంటికి బదులు కాంతితో కొలవడానికి 1970లో ఏమ్స్ రిఫ్లెక్టెన్స్ మీటర్ వచ్చింది. కిలో పైచిలుకు బరువు, లెడ్ బ్యాటరీ, 495 డాలర్ల ధర. డాక్టర్లకు తప్ప అమ్మేవారు కాదు. చిన్నప్పటి నుంచీ షుగర్‌తో ఉన్న ఇంజనీరు రిచర్డ్ బెర్న్‌స్టైన్ డాక్టరైన తన భార్య పేరు మీద ఒకటి తెప్పించుకుని, రోజుకు ఐదారుసార్లు చూసుకుంటూ ఇన్సులిన్‌నీ తిండినీ సర్దుకున్నాడు. రోగి చేతికి మిషను ఇవ్వాలన్న ఆయన మాట వైద్యులు వినకపోతే, నలభై అయిదేళ్ళ వయసులో మెడికల్ కాలేజీలో చేరి డాక్టరయ్యాడు. ఇవాళ మనం సావిట్లో కుర్చీ వేసుక్కూర్చుని వేలు గుచ్చుకోగలగడంలో ఆయన పట్టుదల పాలు చాలా ఉంది.

జర్మనీలో బోరింగర్ మాన్‌హైమ్ వాళ్ళ హీమోగ్లూకోటెస్ట్ స్ట్రిప్పుకు నీళ్ళు అక్కర్లేదు. ఒక నిమిషం ఆగి దూదితో తుడిచి, ఇంకో నిమిషం తర్వాత రెండు గళ్ళ రంగులూ చూడాలి. ధర భరించలేక స్ట్రిప్పును నిలువునా చీల్చి రెండు చేసుకున్నవాళ్ళు ఎందరో. ఆ కంపెనీని 1998లో స్విస్ మందుల కంపెనీ రోష్ తీసుకుంది. ఆక్యుచెక్ ఆ ఇంటి బిడ్డే. యాక్టివ్‌లో కొలత ఇప్పటికీ కాంతితోనే, అందుకే ఆ నీలం కిటికీ.

కాంతితో కొలవడం వల్ల దీనికి రెండు ఇబ్బందులున్నాయి. చుక్క పెద్దది కావాలి, 1 నుంచి 2 మైక్రోలీటర్లు (మిల్లీలీటరులో వెయ్యో వంతు ఒక మైక్రోలీటరు). పొలం పనితో వేళ్ళు మొరటుబారినవాళ్ళకు అంత రక్తం రాబట్టడం కష్టమే. రెండోది, స్ట్రిప్పు మిషన్లో ఉండగానే చుక్క వేస్తే రక్తం కిందికి కారి కొలిచే కిటికీకి అంటుకుంటుంది. అది మసకబారితే అంకె తప్పుతుంది, లేదా ఎర్రర్ వస్తుంది. స్ట్రిప్పు బయటికి తీసి చుక్క వేసి మళ్ళీ పెట్టవచ్చు, అలా చేస్తే కొన్ని సెకన్లు ఎక్కువ పడుతుంది, అంతే. కిటికీని నెలకోసారి తడి పిండేసిన దూదిపుల్లతో తుడవాలి.

కాంటూర్ ప్లస్ పుట్టిల్లు ఏమ్స్. మైల్స్ కంపెనీని 1978లో బేయర్ కొంది, బేయర్ షుగర్ విభాగం 2016లో చేతులు మారి అసెన్సియా అయింది. అంటే డెక్స్‌ట్రోస్టిక్స్ వారసత్వం ఇదే. కొలత మాత్రం పూర్తిగా మారింది. అమెరికా శాస్త్రవేత్త లీలాండ్ క్లార్క్ 1962లో చెప్పిన ఎంజైము ఎలక్ట్రోడు ఊహ, 1987లో మెడిసెన్స్ కంపెనీ పెన్ను లాంటి ఎక్సాక్‌టెక్ మిషనుతో ఇళ్ళకు చేరింది. స్ట్రిప్పు మీది ఎంజైము గ్లూకోజు నుంచి ఎలక్ట్రాన్లు లాగుతుంది, వాటి కరెంటును మిషను కొలుస్తుంది. రంగు, తుడవడం, గడియారం అన్నీ పోయాయి. కాంటూర్ ప్లస్‌కు 0.6 మైక్రోలీటరు చాలు, 5 సెకన్లలో ఫలితం. చుక్క సరిపోకపోతే 30 సెకన్ల లోపు అదే స్ట్రిప్పుకు ఇంకో చుక్క అందించవచ్చు. చేతులు వణికే పెద్దవాళ్ళున్న ఇంట్లో దీనివల్ల నెలకు రెండు మూడు స్ట్రిప్పులైనా మిగులుతాయి.

వన్‌టచ్ కూడా 1987దే. రక్తం తుడిచే పని లేకుండా చేసిన మొదటి మిషను పేరు అది. సెలెక్ట్ ప్లస్ సింపుల్‌కు మీటలే లేవు. స్ట్రిప్పు పెడితే వెలుగుతుంది, 1 మైక్రోలీటరు రక్తంతో అంకె వచ్చి, పక్కన నీలం, ఆకుపచ్చ, ఎరుపు గుర్తుల్లో ఒకదాని వైపు బాణం చూపిస్తుంది. చదువు రాని అమ్మమ్మకైనా ఒకసారి చూపిస్తే చాలు. ఒంటరిగా ఉండే పెద్దవాళ్ళకు ఇంతకన్నా సులువైనది ఈ అరలో లేదు.

అయితే డబ్బాతో వచ్చే కరపత్రంలో హెమటోక్రిట్, అంటే రక్తంలో ఎర్రకణాల శాతం, అన్న వరస చదవండి. వన్‌టచ్ సెలెక్ట్ ప్లస్‌కు 30 నుంచి 55 శాతం, కాంటూర్ ప్లస్‌కు 0 నుంచి 70 శాతం. హిమోగ్లోబిన్‌ను మూడుతో హెచ్చిస్తే హెమటోక్రిట్ ఉజ్జాయింపుగా వస్తుంది. హిమోగ్లోబిన్ 9 ఉన్న మనిషికి అది 27, అంటే వన్‌టచ్ హద్దుకు కింద. రక్తం తక్కువైతే స్ట్రిప్పు చక్కెరను ఉన్నదానికన్నా ఎక్కువ చూపిస్తుంది. అలాంటప్పుడు అసలు షుగర్ డౌన్ అవుతున్నా తెర మీద నిమ్మళంగా 90 కనపడవచ్చు. రక్తహీనత ఉన్న గర్భిణులకు, డయాలిసిస్ చేయించుకునేవాళ్ళకు వన్‌టచ్ కొనొద్దనే చెబుతాం.

ఇక చెమ్మ సంగతి. స్ట్రిప్పు మీద ఎంజైమును ఎండబెట్టి పూస్తారు. తడి తగిలితే రక్తం పడకముందే అది చెడడం మొదలవుతుంది, అంకె ఎటైనా తప్పవచ్చు. మిషన్లు పనిచేసే తేమ హద్దులు కూడా వేరువేరు: కాంటూర్ ప్లస్‌కు 93 శాతం, వన్‌టచ్‌కు 90, ఆక్యుచెక్ యాక్టివ్‌కు 85. ముసురు పట్టిన రోజున తెల్లవారుజామున కోనసీమ గాలిలో తేమ 90 దాటడం కొత్తేం కాదు. పరగడుపు పరీక్ష చేసుకునేది సరిగ్గా ఆ వేళే.

డబ్బా మూతలోనో గోడలోనో చెమ్మ పీల్చే పదార్థం ఉంటుంది. ఒక స్ట్రిప్పు తీసి టక్కున మూత నొక్కాలి, వేలు కడుక్కున్నాకే డబ్బా ముట్టుకోవాలి. రెండు డబ్బాల్లో మిగిలినవి ఒకదాంట్లో వెయ్యకూడదు. ఫ్రిజ్‌లో అసలు పెట్టకూడదు: చల్లటి డబ్బా బయటికి తీసి మూత తెరిస్తే మన ఉక్కపోత గాలిలోని ఆవిరి స్ట్రిప్పుల మీదే పేరుకుంటుంది. అలాగని 30 డిగ్రీలు దాటనివ్వకూడదు. మే నెలలో బండి డిక్కీలో గంట ఉంచిన డబ్బాను నమ్మలేం. రేకుల షెడ్డులో ఎండకు మాడే షాపు కన్నా ఏసీ ఉన్న షాపులో రెండు రూపాయలు ఎక్కువైనా అక్కడే కొనాలి. విడిగా పదేసి స్ట్రిప్పులు కవర్లో కట్టి ఇస్తే ఎంత చవకైనా తీసుకోవద్దు.

చేతుల సంగతి ఇంకా ముఖ్యం. రక్తంలో చక్కెర 100 ఉన్నప్పుడు అర మైక్రోలీటరు చుక్కలో ఉండే గ్లూకోజు అర మైక్రోగ్రాము. వేలి మీద ఇంకో అర మైక్రోగ్రాము అంటుకుని ఉంటే మిషను 200 చూపిస్తుంది. మామిడిపండు కోసినా, పనస తొనలు వలిచినా, అరటిపండు ఒలిచినా, బెల్లం చిదిపినా అంతకు ఎన్నో రెట్లు అంటుతుంది. పొడి పంచదారతో అంత ప్రమాదం లేదు. అది సుక్రోజు కాబట్టి ఎంజైము పట్టుకోదు. పండ్లలోనూ కొబ్బరిబొండం నీళ్ళలోనూ బెల్లంలోనూ విడి గ్లూకోజు కూడా ఉంటుంది. అందుకని బెల్లం పూతరేకు ముట్టుకున్న చేత్తో చూసుకుంటే 280 రావచ్చు, ఆ అంకె చూసి ఇన్సులిన్ పెంచితే ప్రాణం మీదికొస్తుంది. స్పిరిట్ దూది చాలదు. కమలా, ద్రాక్ష, కివి ఒలిచిన చేతులతో జపాన్‌లో 2011లో అచ్చయిన పరీక్షలో స్పిరిట్‌తో తుడిచినా అంకె ఎక్కువే వచ్చింది, కుళాయి నీళ్ళతో కడిగితేనే సరిపోయింది. సబ్బుతో కడిగి, పూర్తిగా తుడుచుకోవాలి. తడి మిగిలితే చుక్క పలచబడి అంకె తగ్గుతుంది.

చెరువు గట్టు మీద తడిసి చల్లబడ్డ వేళ్ళకు రక్తం రాదు. గోరువెచ్చటి నీళ్ళలో నిమిషం ఉంచి, చేయి కిందికి వేలాడదీసి, వేలి కొనకు పక్కవైపు గుచ్చాలి. పిండితే రక్తంతో పాటు ఒంటి నీరు కూడా వచ్చి అంకె తప్పుతుంది. సూది పెన్ను లోతు ఒక అంకె పెంచుకోండి, సూది ప్రతిసారీ కొత్తదే వాడండి.

ల్యాబ్ రిపోర్టుతో పోల్చి మిషను పాడైందని మార్చేసేవాళ్ళు చాలామంది. ఐఎస్‌ఓ 15197 అనే ప్రమాణం 2013 రూపం ప్రకారం, 100 పైన ఉన్న ఫలితాల్లో నూటికి 95 అసలు విలువకు 15 శాతం లోపు ఉంటే చాలు. అసలు 200 అయితే మిషను 170 చూపినా 230 చూపినా హద్దులోనే ఉన్నట్టు. పైగా తిన్నాక వేలి రక్తంలో చక్కెర సిర రక్తంలో కన్నా ఎక్కువ ఉంటుంది. పోల్చాలంటే పరగడుపున, ల్యాబ్‌లో రక్తం తీసిన ఐదు నిమిషాల్లోపు వేలు గుచ్చుకోవాలి. ఆ రక్తం ఫ్లోరైడ్ ఉన్న బూడిదరంగు మూత గొట్టంలో పోశారో లేదో చూడండి. మామూలు గొట్టంలో వేడిలో ఉంచితే రక్తకణాలే గంటకు 5 నుంచి 7 శాతం చక్కెర తినేస్తాయి.

చేతికి అతికించే 14 రోజుల సెన్సర్లు కూడా ఇప్పుడు దొరుకుతున్నాయి. రోజుకు నాలుగు సూదులు వేసుకునేవాళ్ళకు మంచివే. మన చెమటకు జిగురు ఊడకుండా పైన ఇంకో టేపు వెయ్యాలి, డౌన్ అయినట్టు అనిపిస్తే వేలితోనూ చూసుకోవాలి. అది చర్మం కింది నీటిలో చక్కెరను కొలుస్తుంది కాబట్టి కొన్ని నిమిషాలు వెనకబడి ఉంటుంది.

ఎవరికి ఏది? స్ట్రిప్పు ధర పెద్ద కంపెనీలది ఇరవై రూపాయల అటూ ఇటూ, మోరెపెన్‌ది దాదాపు సగం. రోజుకు రెండు మూడుసార్లు చూసుకునే ఇన్సులిన్ ఇంటికి మోరెపెన్ చాలు. 50 స్ట్రిప్పులు నెలలోపే అయిపోతాయి, చెమ్మ చేరేంత వ్యవధి ఉండదు. వారానికి రెండుసార్లు చూసేవాళ్ళకు 50 స్ట్రిప్పులు 25 వారాలొస్తాయి. వన్‌టచ్ డబ్బాకు మూత తీశాక ఆరు నెలలే గడువు, కొన్ని చవక రకాలకు మూడు నెలలే. ఇలాంటి ఇంటికి మా ఓటు తేమ హద్దు అన్నిటికన్నా ఎక్కువున్న కాంటూర్ ప్లస్‌కు, అదీ 25 స్ట్రిప్పుల డబ్బాతో. రంగు సరిచూసుకునే ఓపికుంటే, చుక్క ధారాళంగా వస్తే, ఆక్యుచెక్ యాక్టివ్ తీసుకోండి, కాకపోతే ముసురు రోజుల్లో తెల్లారగట్ల కాకుండా గాలి కాస్త పొడిబారాక చూసుకోవాలి. ఏది కొన్నా మొదటి స్ట్రిప్పు తీసిన రోజునే డబ్బా మీద బాల్‌పెన్‌తో తారీఖు వేసి పెట్టండి.