పశు కాలేయపు కెటలేజ్ పొడి: ప్రయోగశాలలో వాడి చూశాక

హైడ్రోజన్ పెరాక్సైడ్‌ను నీరుగా, ఆక్సిజన్‌గా విడగొట్టే కెటలేజ్ ఎంజైమును 1937లో సమ్నర్, డౌన్స్ అనే శాస్త్రవేత్తలు పశువుల కాలేయం నుంచి స్ఫటికాలుగా వేరుచేశారు; మేము కొన్నది అదే మూలం నుంచి తీసి, ఆరబెట్టి అమ్మే పొడి. ఆమ్ల-క్షార స్థాయిని మారనివ్వని పీహెచ్ 7 ఫాస్ఫేట్ బఫర్‌లో కరిగించి, 240 నానోమీటర్ల తరంగదైర్ఘ్యం వద్ద పెరాక్సైడ్ కాంతి శోషణ తగ్గే వేగాన్ని కొలిస్తే, సీసాపై ముద్రించిన ఎంజైము చురుకుదనపు యూనిట్లకు దరిదాపుల్లోనే ఫలితం వచ్చింది. అయితే అడుగున మడ్డి మిగలడం నచ్చలేదు. సెంట్రిఫ్యూజ్‌లో తిప్పి పైతేటనే వాడవలసి వచ్చింది. పొడిని మైనస్ 20 డిగ్రీల వద్ద దాచవచ్చు గానీ, ద్రావణాన్ని గడ్డకట్టిస్తే నాలుగు ఉపభాగాల ఈ ప్రోటీను చాలావరకు చచ్చుబడుతుంది. ఒక సీసా అలా పోగొట్టుకున్నాక (తప్పు మాదే) ఏ రోజుకారోజు కలుపుకుంటున్నాము. విద్యార్థుల ప్రయోగాలకు ఈ శుద్ధి చాలు, కణాలపై పరిశోధనకు మాత్రం చాలదు.