పెద్దమ్మని విజయవాడలోనే ఉంచాలా, గుంటూరుకి మార్చాలా: ఏది మేలు?

మా పెద్దమ్మకి 74 ఏళ్లు. ఫిబ్రవరి చివర్లో ఒక తెల్లవారుజామున ఎడమ చెయ్యి, ఎడమ కాలు పడిపోయాయి. వెంటనే గుంటూరు నుంచి విజయవాడ సూర్యారావుపేటలో ఒక ఆసుపత్రికి తీసుకెళ్లాం. ప్రాణం నిలబడింది. పదకొండో రోజున డిశ్చార్జ్ చేస్తూ, "ఇక మందులు, ఫిజియోథెరపీ, ఓపిక" అన్నారు డాక్టరుగారు. ఆ కంగారులో ఎవరో చెప్పిన, కోలుకునేదాకా ఉంచి ఫిజియోథెరపీ చేయించే రీహాబ్ సెంటర్‌లో, అదే ఊళ్లో చేర్పించేశాం. ముందుగా వెళ్లి చూడలేదు. డిశ్చార్జ్ రోజున బిల్లు కట్టాలి, మందులు తేవాలి, మధ్యాహ్నంలోపు గది ఖాళీ చేయాలి. నాలుగు సెంటర్లు తిరిగి చూసే తీరిక ఎవరికుంటుంది?

మూడు వారాలయ్యాక మార్చాలా వద్దా అన్న మాట వచ్చింది. బెంగళూరులో ఉన్న అన్నయ్య వద్దన్నాడు. పెదనాన్న మార్చమన్నారు. నేను గుంటూరులో టీచర్ని, వారానికి మూడుసార్లు బెజవాడ వెళ్లొస్తున్నాను, కాబట్టి చూసి చెప్పే పని నా మీద పడింది. చివరికి మార్చాం. ఎందుకు మార్చామో, ఏమేం బేరీజు వేసుకున్నామో రాస్తున్నాను. మీ ఇంట్లో పరిస్థితి వేరుగా ఉండొచ్చు, అప్పుడు జవాబు కూడా వేరుగానే వస్తుంది.

అన్నయ్య వాదనలో బలం ఉంది

విజయవాడ సెంటర్ పెద్దది. లిఫ్టు, ప్రతి గదిలో ఆక్సిజన్ లైను, రాత్రి కూడా డ్యూటీ డాక్టరు. ఫిజియో హాల్లో పట్టుకుని నడిచే బార్లు, నడుముకి బెల్టు కట్టి నడిపించే ట్రెడ్‌మిల్, కరెంటు పెట్టే మెషీన్లు అన్నీ ఉన్నాయి. అన్నిటికీ మించి, ఆమెకి వైద్యం చేసిన న్యూరో డాక్టరు పది నిమిషాల దూరంలో ఉన్నారు. పక్షవాతం ఒకసారి వచ్చాక రెండోసారి వచ్చే ప్రమాదం మొదటి వారాల్లోనే ఎక్కువ. బీపీ, షుగరు ఇంకా కుదుటపడని మనిషిని డాక్టరుకి దూరంగా తీసుకెళ్లడం చిన్న విషయం కాదు.

అన్నయ్య చెప్పిన రెండో మాట కూడా నిజమే. పెద్దవాళ్లకి చోటు మారడమే ఒక దెబ్బ. కొత్త గది, కొత్త మనుషులు, కొత్త శబ్దాలు. కొందరికి పగలు రాత్రి తేడా తెలియకుండా పోతుంది, అర్ధరాత్రి లేచి ఇంటికి పోదామంటారు. కొత్త ఫిజియోకి మనిషి అర్థమయ్యేసరికి వారం పడుతుంది. పక్షవాతంలో కోలుకోవడం మొదటి మూడు నెలల్లో వేగంగా ఉంటుంది, తర్వాత కూడా ఉంటుంది గానీ నెమ్మదిస్తుంది. ఆ మూడు నెలల్లో ఒక వారం పోగొట్టుకోవడమంటే ఆలోచించాల్సిందే.

గుంటూరులో మేం చూసినది ఇంటిని మార్చి కట్టిన చిన్న సెంటర్. పన్నెండు మంచాలు. ఒక జత బార్లు, మెట్లెక్కడం నేర్పే చెక్క మెట్లు, గోడకి పెద్ద అద్దం. రాత్రి నర్సు ఉంటుంది, డాక్టరు ఫోన్ చేస్తే వస్తారు. కొత్తపేట ఆసుపత్రులు దగ్గరే. ఫోటోలు పంపితే అన్నయ్య, "ఇదేంటి, హాస్టల్లా ఉంది" అన్నాడు.

నిమిషాలు లెక్కపెట్టాను

బ్రోచర్లో రోజుకి రెండుసార్లు, గంట చొప్పున థెరపీ అని ఉంది. వరసగా మూడు రోజులు సెలవు పెట్టి కూర్చుని టైము రాసుకున్నాను. పొద్దున ఇరవై అయిదు నిమిషాలు. అందులో పది నిమిషాలు చేతికి మెషీన్ తగిలించి ఫిజియో ఇంకో పేషెంటు దగ్గరికి వెళ్లిపోయేవాడు. సాయంత్రం ఇరవై. ఆదివారం అసలు లేదు. ఆ కుర్రాడి తప్పు కాదు, ఒక్కడే అంతమందిని చూసుకోవాలి.

గుంటూరు సెంటర్లో అనుమతి అడిగి ఒక రోజంతా కూర్చున్నాను. పొద్దున నలభై నిమిషాలు, సాయంత్రం నలభై, మనిషి పక్కనే ఉండి చేయించారు. ఇంకా ముఖ్యమైనది ఆ మధ్య సమయంలో జరిగింది. ఆయమ్మలు పేషెంట్లని బాత్రూముకి నడిపించే ప్రతిసారీ, ఫిజియో నేర్పిన పద్ధతిలోనే లేపుతున్నారు: పాదాలు వెనక్కి పెట్టించి, ముందుకి వంగమని, "ఒకటి రెండు మూడు" అని. మంచం మీంచి కుర్చీలోకి, కుర్చీలోంచి భోజనం దగ్గరికి అలాగే. రోజుకి పది పన్నెండుసార్లు లేచి కూర్చోవడం అక్కడ మామూలు. మెదడు మళ్లీ నేర్చుకునేది ఒకే పనిని పదే పదే చేయడం వల్లే. ఈ లేవడాలు నేను రాసుకున్న నిమిషాల్లోకి రాలేదు, కానీ వాటి విలువ చాలా ఎక్కువ.

ఇక్కడే నాకు విజయవాడ సెంటర్ మీద కోపం వచ్చింది. పెద్దమ్మకి ఎప్పుడు వెళ్లాలో తెలుస్తోంది. నోరు తెరిచి అడుగుతోంది. "డైపర్ ఉందిగా అమ్మా, పర్లేదు" అనేవారు. జీవితమంతా మడిగా, శుభ్రంగా బతికిన మనిషి అది విని గోడ వైపు తిరిగి పడుకునేది. కదల్లేని రోజుల్లో డైపర్ అవసరమే. అడగగలిగిన మనిషికి అలవాటుగా వేసి ఉంచితే, లేచే అవకాశం పోతుంది, ఒళ్లు తడిగా ఉండి పుండ్లు పడతాయి, అడగడం కూడా మానేస్తారు.

కంచంలో మిగిలిన సగం

అసలు మేం మార్చాలని నిశ్చయించుకున్నది ఒక కంచం వల్ల. పెద్దమ్మ సరిగా తినట్లేదని రోజూ చెప్పేవారు. ఒకరోజు నేనున్నప్పుడు చూశాను. కంచంలో కుడి పక్కన ఉన్న అన్నం, పప్పు శుభ్రంగా తింది. ఎడమ పక్క కూర ముట్టుకోలేదు. కంచాన్ని అటు నుంచి ఇటు తిప్పాను. అదీ తినేసింది. ఆకలి లేక కాదు. మెదడు కుడి భాగం దెబ్బతిన్నప్పుడు కొందరికి ఇలా జరుగుతుంది: కళ్లు కనిపిస్తూనే ఉంటాయి, కానీ ఎడమ వైపు అనేది ఒకటుందన్న ధ్యాస పోతుంది. ఎడమ చెయ్యి మంచం మీంచి వేలాడుతున్నా పట్టదు. ఎడమ వైపు నుంచి పిలిస్తే పలకరు.

ఆమె మంచానికి ఎడమ పక్కనే నీళ్ల గ్లాసు, ఎడమ పక్కనే పిలిచే బెల్లు. మూడు వారాలుగా ఎవరూ గమనించలేదు. గుంటూరు సెంటర్లో ఫిజియోకి ఫోన్లో ఇదంతా చెప్తే, నేను వాక్యం పూర్తి చేయకముందే అడిగింది: "ముఖం ఎప్పుడూ కుడి వైపే తిప్పి ఉంచుతున్నారా?" అప్పుడు నాకు ఊపిరి ఆడింది.

అయినా వెంటనే మార్చలేదు. ఉన్నచోట సరిచేయించుకోవచ్చేమో చూడటం ధర్మం. మేనేజర్ని, ఫిజియోని, నర్సుని ఒకచోట కూర్చోబెట్టి మూడు విషయాలు కాగితం మీద రాసిచ్చాం: బెల్లు కుడి వైపు పెట్టండి, అడిగినప్పుడు బాత్రూముకి తీసుకెళ్లండి, కంచం తిప్పండి. నాలుగు రోజులు చేశారు. అయిదో రోజు ఆయమ్మ మారింది, అంతా మొదటికొచ్చింది. అలా అడిగాక ఆ మార్పులు నిలబడి ఉంటే మార్చాల్సిన అవసరం ఉండేది కాదనే ఇప్పటికీ అనుకుంటాను.

కొన్నిటికి మాత్రం నాలుగు రోజులు కూడా ఆగొద్దు. నడుము కింద, మడమల దగ్గర చర్మం ఎర్రబడి వేలితో నొక్కినా తెల్లబడకపోతే అది పుండుకి మొదలు, అంటే రెండు గంటలకోసారి పక్క మార్చడం జరగట్లేదు. నీళ్లు తాగినప్పుడల్లా పొలమారుతున్నా పడుకోబెట్టే తాగిస్తుంటే అది ఊపిరితిత్తుల్లోకి పోయి జ్వరం తెస్తుంది. పడిపోయిన చెయ్యి పట్టుకుని లాగి లేపుతుంటే భుజం జారుతుంది. మనిషిని కట్టేస్తున్నా, కసురుతున్నా చెప్పనక్కర్లేదు. వృద్ధుల కోసం 14567 హెల్ప్‌లైన్ ఉంది, సలహాకి, ఫిర్యాదుకి చేయొచ్చు.

ముప్ఫై అయిదు కిలోమీటర్లు

గుంటూరు నుంచి విజయవాడ దాదాపు 35 కిలోమీటర్లు. కారున్నవాళ్లకి లెక్కలోది కాదు. పెదనాన్నకి 79. రోజు విడిచి రోజు ఆటోలో బస్టాండుకి, బస్సులో బెజవాడకి, అక్కడ మళ్లీ ఆటో. వారధి దగ్గర ట్రాఫిక్ ఆగితే అరగంట కూర్చోవడమే. వెళ్లడానికీ రావడానికీ సగం రోజు పోయేది, చూసే సమయం గంట. మార్చి నెలాఖరుకి ఎండలు ముదిరాయి. ఒకరోజు బస్సు దిగి కళ్లు తిరిగి కూలబడ్డారు. అప్పుడు ఇద్దరు పేషెంట్లవుతారన్న టెన్షన్ మొదలైంది నాకు.

గుంటూరు సెంటర్ ఇంటికి ఆటోలో పది నిమిషాలు. సొంత మనిషి రోజూ ఏదో ఒక వేళకి వస్తాడని తెలిసిన చోట పేషెంటుని చూసే తీరు వేరుగా ఉంటుంది. బిల్డింగ్ ఎంత గొప్పదైనా దీని ముందు తక్కువే అని నా అభిప్రాయం. థెరపీ రెండు చోట్లా ఒకేలా ఉంటే, రోజూ వచ్చే మనిషి ఇల్లు ఎటుందో అటే మార్చండి. థెరపీలోనే పెద్ద తేడా ఉంటే, దూరమైనా మంచి థెరపీ ఉన్నచోటే మొదటి మూడు నెలలు ఉంచండి. మాకు రెండూ ఒకే వైపు కలిసొచ్చాయి.

ఇంటికే తెచ్చేస్తే? పెద్దాసుపత్రికి తీసుకెళ్తే?

ఇల్లు అనేది ఎవరికైనా ముందు తట్టే ఆలోచనే. ఫిజియో ఇంటికొచ్చి ముప్పావు గంట చేయిస్తారు. మిగతా ఇరవై మూడు గంటలు ఎవరు లేపాలి? ఆ సమయానికి పెద్దమ్మని లేపడానికి ఇద్దరు కావాల్సి వచ్చేది. ఒక్కరి సాయంతో లేచి నిలబడగలిగి, ముద్ద గొంతు దిగడంలో ఇబ్బంది లేకపోతే, అప్పుడు ఇంటిని మించింది లేదు. మాకు అది తర్వాతి మెట్టు.

గుంటూరు జీజీహెచ్ (ప్రభుత్వాసుపత్రి), మంగళగిరి ఎయిమ్స్ లాంటి చోట్ల ఓపీకి వెళ్లి తక్కువ ఖర్చుతో డాక్టరుకి చూపించుకోవచ్చు. ఆటోలోనో కారులోనో కూర్చోగలిగిన మనిషికి మంచి దారి. రోజూ ఎత్తుకుని ఎక్కించాల్సిన మనిషికి, వరసలో కూర్చునే ఓపిక ఉండదు.

డబ్బు మాట

రెండిటికీ రోజు రేటులో పెద్ద తేడా కనిపించలేదు. తేడా విడివిడి లైన్లలో ఉంది: డైపర్లు, ఎయిర్ బెడ్ అద్దె, డాక్టరు విజిటు, విడిగా పెట్టుకున్న ఆయమ్మ, బట్టలు ఉతికినందుకు. "రోజుకి ఎంత" అని అడగకుండా, ఈ నెల ఎవరైనా పేషెంటుకి వేసిన పూర్తి బిల్లు పేరు కొట్టేసి చూపించమని అడగండి. మధ్యలో మానేస్తే అడ్వాన్సులో ఎంత తిరిగిస్తారో కాగితం మీద రాయించుకోండి.

ఆరోగ్య బీమా మీద ఆశ పెట్టుకుని ఉంటే ముందు పాలసీ చదవండి. విశ్రాంతి కోసం, రీహాబిలిటేషన్ కోసం చేరడం అన్ని కంపెనీలకీ ఉమ్మడిగా ఉండే మినహాయింపుల జాబితాలో అయిదో నంబరు కింద ఉంటుంది. డిశ్చార్జ్ తర్వాతి రోజుల ఖర్చుల కింద ఫిజియో బిల్లులు వచ్చే అవకాశం పాలసీని బట్టి ఉంటుంది. అందుకని డాక్టరు చేత ఫిజియోథెరపీ అని రాయించుకున్న చీటీ జాగ్రత్త చేసుకోండి.

మార్చిన రోజు

ఏప్రిల్ రెండో వారంలో, పొద్దున ఆరింటికి, ఎండ ఎక్కకముందే ఏసీ అంబులెన్సులో బయల్దేరాం. 108 అత్యవసరానికి, ఇలాంటి ప్రయాణానికి ప్రైవేటుదే మాట్లాడుకోవాలి. ముందు రోజే న్యూరో డాక్టరుకి చూపించి ప్రయాణం చేయొచ్చని రాయించుకున్నాం. డిశ్చార్జ్ సమ్మరీ, స్కాన్ సీడీ, మందుల చార్టు తీసుకున్నాం. వైద్య రికార్డులు అడిగిన 72 గంటల్లో ఇవ్వాలని డాక్టర్లకి 2002 నుంచి నిబంధన ఉంది, కాబట్టి మూడు రోజుల ముందే రాతపూర్వకంగా అడగండి. ఆఖరి డోసు ఏ మందు ఎన్నింటికి వేశారో, యూరిన్ పైపు ఉంటే ఏ తేదీన మార్చారో, ఏది తింటే పొలమారుతోందో విడిగా ఒక కాగితం మీద రాశాను. పెద్దమ్మకి పల్చటి నీళ్లు పొలమారేవి, చిక్కటి రాగి జావ బాగా దిగేది. కొత్త నర్సు ముందు చదివింది ఆ కాగితమే. వీపు, మడమలు రెండు చోట్లా నర్సుల ఎదుటే చూశాం.

కళ్లద్దాలు, కట్టుడు పళ్లు చేతి సంచిలోనే ఉంచుకోండి. అవి సామాను అడుగున పడితే, కొత్త చోట మొదటి రోజు మసక చూపుతో, మాట తేలకుండా గడుస్తుంది.

మొదటి నాలుగు రాత్రులు అన్నయ్య భయపడినట్టే అయింది. ఎక్కడున్నానో తెలియక పిలిచేది. నేను, మా అమ్మ వంతులేసుకుని పడుకున్నాం. అయిదో రోజుకి సర్దుకుంది. ఫిజియో పెదనాన్నకి ఒక పని చెప్పింది: ఎప్పుడూ ఎడమ వైపే కూర్చోండి, అటు నుంచే మాట్లాడండి. సాయంత్రం నాలుగింటికి ఫ్లాస్కుతో వచ్చి ఆయన అలాగే కూర్చునేవారు. రెండో వారంలో ఆమె తల అటు తిప్పి "కాఫీలో పంచదార వేశారా?" అని అడిగింది.

చేరిన రోజున బార్తెల్ స్కోరు అని ఒకటి వేశారు, తినడం, నడవడం, బాత్రూము లాంటి పది పనులకి కలిపి 100. అప్పుడు 25 వచ్చింది, ఆరు వారాలకి 55. విజయవాడలో ఉంచినా కొంత పెరిగేదేమో. కానీ డైపర్ తీసేసి వాకర్ పట్టుకుని ఒక్కరి సాయంతో వెళ్తోంది, ఆ మార్పు ఎక్కడి నుంచి వచ్చిందో నాకు తెలుసు.

ఇప్పుడు ఇంటికి తీసుకెళ్లమంటున్నారు. నిన్న టేపు పట్టుకెళ్లి మా బాత్రూము తలుపు కొలిచాను, 26 అంగుళాలు. వాకర్ అడ్డంగా తప్ప పట్టదు, గడప కూడా ఉంది. ఆదివారం మేస్త్రీ వస్తానన్నాడు. గడప తీసేసి, కుడి చేతి వైపు గోడకి పట్టుకోవడానికి స్టీలు కడ్డీ బిగించమని చెప్పాను.