బెంగళూరు మీడియేషన్ సెంటర్: విడాకుల తరువాత తగవు తెగిన చోటు

విడాకులు వచ్చాక కూడా కోర్టు గుమ్మం తొక్కాల్సి రావచ్చు. కుటుంబ న్యాయస్థానం నిర్ణయించిన భరణం ఎక్కువైందని నా మాజీ భర్త కర్ణాటక హైకోర్టులో అప్పీలు వేశారు. ఇద్దరు న్యాయమూర్తుల ధర్మాసనం, వాదనలు మొదలుకాకముందే మమ్మల్ని మధ్యవర్తి ద్వారా రాజీకి ప్రయత్నించే ఈ సెంటరుకు పంపింది.

సిద్ధయ్య రోడ్డులో న్యాయదేగుల భవనంలో ఉంటుంది. హైకోర్టు ఆధ్వర్యంలో 2007 నుంచి నడుస్తోంది. కోర్టు పంపిన కేసుకు మధ్యవర్తి ఫీజు ఉండదు.

మాకు కేటాయించిన మధ్యవర్తి శిక్షణ పొందిన న్యాయవాది. నా కన్నడం తడబడుతుంటే, "తెలుగులోనే చెప్పండమ్మా, నాకు అర్థమవుతుంది" అన్నారు. మమ్మల్ని కలిపి కొంతసేపు, విడివిడిగా చాలాసేపు విన్నారు. తరువాత బాబు ఖర్చులన్నీ ఒక కాగితం మీద రాయించారు. స్కూలు ఫీజు జూన్‌లో, వ్యాను డబ్బులు నెలనెలా, ఏటా మారే కళ్లద్దాలు. నెలకింత అనే ఒక్క అంకె మీద అన్నాళ్లూ కొట్లాడాం. ఫీజు కట్టే నెలలో ఆయన చేతిలో డబ్బు ఆడకపోవడమే సగం గొడవకు కారణమని ఆ కాగితం చూశాకే ఇద్దరికీ తెలిసింది.

చివరికి కుదిరిన ఒప్పందం ఇది: ఫీజు బాబు తండ్రే విడతలుగా నేరుగా స్కూలుకు కడతారు. భరణం కాస్త తగ్గింది, కానీ 5వ తేదీలోపు నా ఖాతాలో పడాలి. దసరా సెలవులు తండ్రి దగ్గర, సంక్రాంతి అనంతపురంలో మా అమ్మ దగ్గర. ఫీజు పెరిగితే ఆ పెంపు ఎవరు భరించాలన్నది పట్టుబట్టి రాయించాను. మీరూ రాయించుకోండి. నోరు మెదపవద్దని మా లాయరు చెప్పి పంపారు. ఆ మాట వినకపోవడం మంచిదైంది.

ధర్మాసనం ఆ ఒప్పందాన్ని రికార్డు చేసి, దాని ప్రకారమే అప్పీలును పరిష్కరించింది. ఇప్పుడది కోర్టు ఉత్తర్వే, ఎగ్గొడితే అమలు కోరవచ్చు. రాజీ కుదరకపోయినా నష్టం లేదు. అక్కడి మాటలు గోప్యంగా ఉంటాయి, కేసు తిరిగి వాదనలకు వెళ్తుంది.

నా కేసులో కొట్టడం, బెదిరించడం లేవు. అవి ఉన్నవాళ్లు ఎదురెదురుగా కూర్చోలేమని ముందే గట్టిగా చెప్పాలి. మిగిలినవాళ్లు ఫీజు రసీదులు, అద్దె ఒప్పందం, బ్యాంకు పాస్‌బుక్ వెంట తీసుకెళ్లండి. తీర్పు వచ్చాక సర్టిఫైడ్ కాపీకి (కోర్టు ధ్రువీకరించిన నకలుకు) వెంటనే దరఖాస్తు పెట్టండి.