బురదలో దిగితే లిఫ్ట్ లేవని ట్రాక్టర్: 1,640 గంటలు నడిపాక

2022 జూన్‌లో, ఏరువాకకు ముందు, 8 లక్షలు పెట్టి కొత్త ట్రాక్టర్ కొన్నాను. మాది నల్గొండ జిల్లా త్రిపురారం మండలం, సాగర్ ఎడమ కాల్వ కింద వరి. సొంతం ఏడెకరాలు, మిగతా రోజులు ఊళ్లో కిరాయికి తోలుతాను. కంపెనీ పేరు రాయను, అడగొద్దు.

ఇంజన్‌కు వంక పెట్టలేను. మట్టిని గుల్లచేసే రోటవేటర్ వేసినా గంటకు ఐదు లీటర్ల చుట్టే తాగుతుంది. వడ్ల ట్రాలీ గుంజడంలో తిరుగులేదు. సీటు మాత్రం నడుముకు శత్రువు.

అసలు కథ లిఫ్ట్‌ది, అంటే వెనక తగిలించిన పనిముట్టును పైకి లేపే హైడ్రాలిక్‌ది. కొన్న రెండో నెలలోనే, కరిగెట్టు (నాటుకు ముందు మడిని బురదగా దున్నడం) మధ్యలో రోటవేటర్ పైకి లేవనంది. గట్టు దగ్గర బండి తిప్పాలంటే అది లేవాలి. మర్నాటికి నాటు కూలీలను మాట్లాడుకున్నాం. చివరికి పక్క రైతు బండితో గుంజించి బయటపడ్డాను. పూజ చేసిన పసుపు కూడా ఇంకా చెరగలేదు.

షోరూమ్ మెకానిక్ వచ్చి ఫిల్టర్ మార్చాడు. పది రోజులకు మళ్లీ అదే. ఈసారి పంపు మార్చారు. యాసంగిలో మూడోసారి ఆగితే వాల్వు అన్నారు, అదీ మార్చారు. పైసా తీసుకోలేదు, ఒప్పుకోవాలి. కానీ వచ్చినప్పుడల్లా నాలుగైదు రోజులు షెడ్డులోనే. ఆ కిరాయి ఎవరిస్తారు? నాట్ల పని ఉండేదే నెల రోజులు.

2023 వానాకాలంలో ఎడమ కాల్వకు సాగునీళ్లు సరిగ్గా రాలేదు. ఊరంతా దిగాలు. బండికి చెలక (మెట్ట భూమి) దున్నకాలే దొరికాయి. అప్పటి నుంచి ఏడాదంతా లిఫ్ట్ ఒక్కసారి కూడా మొరాయించలేదు. ‘చూశావా అన్నా, సెట్ అయింది’ అన్నారు షోరూమ్‌లో. నేనూ నమ్మాను. 2024 ఆగస్టులో కాల్వ వదిలారు. బురదలో నడిచే ఇనుప చక్రాలు, కేజీ వీల్స్, బిగించి మడిలో దిగిన ఆరో రోజు మళ్లీ ఆగింది.

హాలియాలో ఒక పాత మెకానిక్ ఆయిల్ చూసే పుల్ల, డిప్‌స్టిక్, బయటికి లాగి నా ముందు పెట్టాడు. ఆయిల్ అచ్చం పాలు పోసిన చాయ్‌లా ఉంది. ‘నీళ్లు కలిసినయ్ బిడ్డా. పంపులు ఎన్ని మారిస్తే ఏం లాభం?’ ఈ బండిలో గేర్లకు, వెనక యాక్సిల్‌కు, లిఫ్ట్‌కు ఒకటే ఆయిల్. ఆయిల్ బయటికి, నీళ్లు లోపలికి పోకుండా ఆపే యాక్సిల్ సీల్ దగ్గర దూరిన బురద నీళ్లు నేరుగా లిఫ్ట్‌ను పట్టుకుంటాయి. చెలకలో ఎందుకు బాగుందో అప్పుడు అర్థమైంది.

ఈ ముక్క చెప్పగానే షోరూమ్ మాట మారింది. కేజీ వీల్స్‌తో తిప్పావు కాబట్టి వారంటీ రాదట! కాల్వ కింద రైతుకు బండి అమ్మిన రోజు ఈ మాట ఏమైందో. ఇంటికొచ్చి, రిపేరు చేసినప్పుడల్లా షోరూమ్ రాసిచ్చిన పాత జాబ్ కార్డులు తీశాను. మార్చిన సామాను పేరుంది గానీ, నేను చెప్పిన కంప్లయింట్ ఒక్కదాంట్లోనూ లేదు. మూడూ వేరువేరు రిపేర్లలా కనిపిస్తున్నాయి. చదవకుండా సంతకం పెట్టింది నేనే. అప్పట్లో వాట్సాప్‌లో పంపిన వీడియోలు తేదీలతో ఉండబట్టి బతికిపోయాను. నాలుగో కార్డులో ‘ఆయిల్‌లో నీళ్లు, లిఫ్ట్ ఆగడం నాలుగోసారి’ అని రాయించాకే సంతకం పెట్టాను.

కిరాయికి తోలేవాడికి వినియోగదారుల కేసు చెల్లదని కూడా భయపెట్టారు. నల్గొండలో వకీలును అడిగితే, బతుకుదెరువు కోసం కొని సొంతంగా నడుపుకునేవాడు 2019 చట్టం ప్రకారం వినియోగదారుడేనన్నాడు. బండి ఎక్కడ కొన్నా మనం ఉండే జిల్లాలోనే కేసు వేయొచ్చు. నా బండి ధరకు ఫీజు 200 రూపాయలే. ముందు వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫోన్ చేసి ఫిర్యాదు రాయించాను, తర్వాత నోటీసు పంపించాను.

కేసు దాకా పోలేదు. పన్నెండో రోజు కంపెనీ ఇంజనీరే వచ్చి వెనక చక్రాలు విప్పించాడు. కుడివైపు హౌసింగ్‌లో (యాక్సిల్ చుట్టూ ఉండే ఇనుప గూడు) సీల్ కూర్చునే చోట లోతుగా గీత, తయారీలోనే పడింది. అక్కడ ఎంత మంచి సీల్ వేసినా నిలవదు. హౌసింగ్ మార్చి, ఆయిల్ మొత్తం తీసేసి కొత్తది పోశారు.

ఆ తర్వాత యాసంగి, వానాకాలం రెండూ మడిలోనే తిరిగింది. ఆయిల్ తేనె రంగులోనే ఉంది. అయినా కేజీ వీల్స్ విప్పిన ప్రతి సాయంత్రం డిప్‌స్టిక్ చూడనిదే నాకు అన్నం దిగదు.

పోయిన కిరాయి సంగతి అడిగితే ఒక ఫ్రీ సర్వీసు, కంపెనీ పేరున్న టోపీ ఇచ్చారు. టోపీని చేలో దిష్టిబొమ్మకు పెట్టాను.