ముద్దుపేరు పెట్టబోయి కామాల్లో చిక్కుకున్నాను: ఎస్‌బీసీఎల్, స్లైమ్‌ల జోడీ

కామన్ లిస్ప్ భాషలో మాక్రోలను (అంటే కోడ్ రాసిపెట్టే కోడ్‌ను) పుట్టించే మాక్రోల జోలికి మీరు వెళ్లరనుకుంటే ఈ సమీక్ష మీకు అక్కర్లేదు. వెళ్లేవాళ్లు మాత్రం ఈమాక్స్ ఎడిటర్‌లో లిస్ప్ రాయడానికి తోడ్పడే స్లైమ్ పెట్టుకొని, దాని వెనుక లిస్ప్ కంపైలర్ ఎస్‌బీసీఎల్ నడపండి. రెండూ ఉచితమే.

కామన్ లిస్ప్‌లోని పొడుగాటి పేర్లకు తెలుగులో ముద్దుపేర్లు పెట్టుకోవాలని నాకో సరదా పుట్టింది. ఎస్‌బీసీఎల్ తెలుగు పేర్లను పేచీ లేకుండా తీసుకుంటుంది. ‘విత్-ఓపెన్-ఫైల్’ బదులు ‘ఫైలుతో’ అంటే చాలు. అందుకోసం ‘ముద్దుపేరు’ అనే మాక్రో రాశాను. పొట్టి, పొడుగు అని రెండు పేర్లు ఇస్తే అది మరో మాక్రోను తయారుచేయాలి. బ్యాక్‌కోట్ (`) కోడ్‌కు మూస లాంటిది, అందులో కామా పెట్టినచోట విలువ వచ్చి పడుతుంది. మాక్రోను పుట్టించే మాక్రో అంటే బ్యాక్‌కోట్ లోపల ఇంకో బ్యాక్‌కోట్. లోపలి మూస ఇలా రాశాను (‘మిగతా’ అంటే పేరు తర్వాత ఇచ్చేవన్నీ, ,@ వాటిని విడివిడిగా పరుస్తుంది):

`(,పొడుగు ,@మిగతా)

‘పొడుగు’ను ఎక్కడా వాడలేదని కంపైలర్ చిన్న హెచ్చరిక ఇచ్చింది. కళ్లెదుటే వాడాను కదా, దీనికేం తెలుసని పట్టించుకోలేదు. తీరా ‘ఫైలుతో’ పుట్టించబోతే ‘పొడుగు’ అనే చలరాశే లేదంది. రెండు రాత్రులు పోయాక గానీ మొదటి హెచ్చరికే నిజమని తెలియలేదు.

శుభలేఖ అచ్చు వేయించేటప్పుడు వధూవరుల పేర్లు ప్రెస్సులోనే పడతాయి. ‘శ్రీ ........ గారికి’ అన్న చోటును మాత్రం మనం ఇంటికొచ్చాక పెన్నుతో నింపుతాం. రెండు బ్యాక్‌కోట్ల లోపల ఉన్న ఒంటి కామా ఆ చుక్కల గీత లాంటిది. బయటి మాక్రో దాన్ని ముట్టుకోదు. ప్రెస్సులోనే పడాల్సిన పేరును నేను చుక్కల మీద రాశాను. వరుసగా రెండు కామాలుంటే ఎడమది లోపలి బ్యాక్‌కోట్‌కు, కుడిది బయటిదానికి చెందుతుంది.

సరే, రెండు కామాలు పెట్టాను: ,,పొడుగు. ఈసారి ముందుగా స్లైమ్‌ను అడిగాను. కుండలీకరణం మీద కర్సర్ ఉంచి కంట్రోల్ సి, తర్వాత ఎంటర్ నొక్కితే విస్తరణ, అంటే మాక్రో పుట్టించిన కోడ్, పక్క కిటికీలో తెరుచుకుంటుంది. అసలు పేరు వచ్చి కూర్చుంది, కానీ దాని ముందు ఒక కామా మిగిలింది. రెండో విడతలో ఆ పేరును చలరాశి అనుకొని విలువ వెతుకుతుందన్నమాట. మధ్యలో కోట్ (విలువ వెతక్కుండా పేరును పేరుగానే ఉంచే గుర్తు) పెట్టి ,',పొడుగు అని రాస్తే ఆ చోట ,'విత్-ఓపెన్-ఫైల్ కనిపించింది. ‘ఫైలుతో’ పనిచేసింది.

బ్యాక్‌కోట్‌ను లోపల ఎలా దాచుకోవాలో కామన్ లిస్ప్ ప్రమాణం నిర్దేశించదు. కొన్ని లిస్ప్‌లు దాన్ని జాబితాలు కట్టే లిస్ట్, అపెండ్ ఫంక్షన్ల పిలుపులుగా విప్పేస్తాయి. అప్పుడు విస్తరణలో మీరు రాసిన కామాలు కనిపించవు. ఎస్‌బీసీఎల్ కామాను కామాగానే దాచి, బ్యాక్‌కోట్‌ను బ్యాక్‌కోట్‌గానే తిరిగి చూపిస్తుంది. నా చిక్కు విడిపోయింది అందువల్లే. స్లైమ్ కిటికీలో లోపలి మాక్రోను అక్కడికక్కడే విప్పవచ్చు, క్యూ నొక్కితే కిటికీ మూసుకుంటుంది.

ఏ కామా ఏ బ్యాక్‌కోట్‌ది అన్నది మాత్రం స్లైమ్ రంగులతో విడదీసి చూపదు. కుండలీకరణాలకు జోడీ చూపించినట్టు దీనికీ చూపిస్తే ఎంత బాగుండేదో! మూడు పొరలైతే నేను విస్తరణ చూడటం మానేసి, లోపలి భాగాన్ని మామూలు ఫంక్షన్‌గా విడదీసుకుంటాను. ఇక నా ఫాంటులో తెలుగు అక్షరాల వెడల్పు సమానంగా ఉండదు కాబట్టి ‘ఫైలుతో’ కింది వరుసలు కాస్త పక్కకు జరుగుతున్నాయి. మంచి ఫాంటు కోసం ఇంకా వెతుకుతున్నాను.